ఇంట్లో పుట్టిన పండుగకు పీట వేయరేం?

సౌదీలోని జెద్దా నగరంలో షరఫియా పేట అనగానే మనవాళ్లకి గుర్తొచ్చేవి కొన్ని ఉన్నాయి. కేరళ హోటళ్లు, పాలీక్లినిక్కులు, ట్రావెల్ ఆఫీసులు, ఊరికి సామాను పంపే కార్గో దుకాణాలు, శుక్రవారం సాయంత్రం కాలు పెట్టడానికి చోటు దొరకని ఫుట్‌పాత్‌లు. గల్ఫ్ గురించి రాసినవాళ్లూ మాట్లాడినవాళ్లూ జీతాలు, కఫీల్ (స్పాన్సరు), ఇకామా (నివాస అనుమతి), ఏజెంటు మోసం, ఇంటికి పంపిన డబ్బు గురించి చెప్పారు. అవన్నీ చెప్పాల్సిన సంగతులే. అయితే ఆ దుకాణాల పైన, రెండో అంతస్తులోనో మూడో అంతస్తులోనో, కిటికీకి అడ్డంగా ఏసీ బిగించిన రెండు గదుల ఇళ్లలో ఇంకో పని ఏళ్ల తరబడి జరుగుతూ వచ్చింది. చిన్నపిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని, అట్టముక్కలతో, రంగు కాగితాలతో, మైదా జిగురుతో తల్లులు అక్కడ పండుగల్ని తయారుచేశారు. ఆ పనిని ఎవరూ లెక్కలో వేయలేదు. ఎవరూ దాని పేరెత్తలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

ముందు ఆ పని ఎలాంటి చోట జరుగుతుందో తెలియాలి. మన పండుగలకి అక్కడ సెలవు ఉండదు. సెలవులన్నీ రెండు ఈద్‌లకి, సెప్టెంబర్ 23న జాతీయ దినోత్సవానికి, 2022 నుంచి ఫిబ్రవరి 22న స్థాపన దినానికి. సంక్రాంతి బుధవారం వస్తే బుధవారం బడి ఉంటుంది, డ్యూటీ ఉంటుంది. అందుకని షరఫియా ఇళ్లలో పండుగ శుక్రవారానికి జరుగుతుంది. 2013 జూన్ దాకా వారాంతం గురు, శుక్రవారాలు. ఆ తర్వాత శుక్ర, శనివారాలు అయ్యాయి. రెండు పద్ధతుల్లోనూ శుక్రవారం సెలవే కాబట్టి మా పండుగలకి అదే ఆధారం. అదైనా పూర్తిగా దొరుకుతుందా అంటే, దుకాణంలో పనిచేసే తండ్రికి శుక్రవారం సాయంత్రమే బేరాలు ఎక్కువ. మధ్యాహ్నం నమాజు అయిపోయి షట్టర్ ఎత్తేదాకానే అతని తీరిక. ఆ కొద్ది గంటల్లోనే తలంటు, పూజ, భోజనం, పిల్లల సంబరం అన్నీ కుదరాలి.

గడియారం కూడా మనతో కలవదు. ఊళ్లో తెల్లవారుజామున అయిదింటికి భోగిమంట వేస్తే మాకు అప్పుడు రాత్రి రెండున్నర. వీడియో కాల్‌లో తాతగారి వాకిట్లో మంట చూడాలని పిల్లలు కళ్లు నులుముకుంటూ లేచి కూర్చుంటారు. పొద్దున్నే మళ్లీ బడి బస్సు. గుడి లేదు, చెరువు లేదు, కళ్లాపి చల్లడానికి వాకిలి లేదు, పక్కన కూర్చుని ఇలా చెయ్యి అలా చెయ్యి అని చెప్పే నాయనమ్మ లేదు. పండుగ నాలుగు గోడల మధ్యే చేసుకోవాలి. అది తెలిసే వెళ్లాం, దాని మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. నా ఫిర్యాదంతా మనవాళ్ల మీదే.

బతుకమ్మనే తీసుకోండి. మహాలయ అమావాస్య నాడు ఎంగిలిపూలతో మొదలై తొమ్మిదో రోజు సద్దులతో ముగిసే పండుగ. 2014లో తెలంగాణ వచ్చాక రాష్ట్ర పండుగ అయింది. తంగేడు, గునుగు, కట్ల, బంతి, గుమ్మడి పూలు లేకుండా దాన్ని ఊహించలేం. జెద్దాలో పూలంటే ముఖ్యంగా జీజాన్ నుంచి వచ్చే మల్లెలు. ఫుల్ అంటారు అక్కడ. వాసన అద్భుతం, ధర కూడా అంతే, పైగా తెల్లారేసరికి వాడిపోతాయి. తాంబాళం నిండా పేర్చాలంటే మధ్యతరగతి ఇంటివల్ల అయ్యే పని కాదు.

అప్పుడు ఆడవాళ్లు ఏం చేశారో చూడండి. గునుగు పువ్వు చూసినవాళ్లకి తెలుసు, పొడుగ్గా వెండి రంగులో ఉంటుంది, కొనన కాస్త గులాబి ఛాయ. రెండు రియాళ్లకి ఏ వస్తువైనా ఇచ్చే అబూ రియాలైన్ దుకాణంలో ఇయర్ బడ్స్ డబ్బా దొరుకుతుంది. ఆ పుల్ల చివరి దూదిని వేళ్లతో నెమ్మదిగా పొడుగ్గా సాగదీసి, కొస మాత్రం గులాబి రంగు నీళ్లలో ముంచి, వార్తాపత్రిక మీద ఆరబెడితే గునుగు పువ్వే. ఊళ్లో గునుగు కట్టలు కట్టినట్టే వీటినీ గుప్పెడు గుప్పెడు దారంతో బిగించి, కింద పుల్లలు సమంగా కత్తిరించాలి. తంగేడుకి పసుపు రంగు ముడతల కాగితం, అయిదు రేకులు, నడుమ గోధుమ రంగు దారపు పోగులు. బంతికి నారింజ రంగు టిష్యూ. ఎనిమిది పొరలు ఒకదాని మీద ఒకటి పెట్టి, విసనకర్ర మడతలు వేసి, నడుమ దారం కట్టి, ఒక్కో పొరనీ వేలికొసతో పైకి లేపాలి. తొందరపడితే చిరుగుతుంది. అయిదేళ్ల పిల్లకి ఓర్పు నేర్పడానికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

కబ్సా అన్నం వడ్డించే పెద్ద గుండ్రటి స్టీలు పళ్లెమే తాంబాళం. గుమ్మడాకుల చోట ఆకుపచ్చ చార్టు. లోపల డొల్ల లేకుండా కోడిగుడ్ల అట్టలు చింపి నింపుతారు. ఆ తర్వాత వరుస మీద వరుస, చుట్టుకొలత తగ్గిస్తూ పేర్చాలి. ఇక్కడ పెద్దవాళ్ల చెయ్యి పడాలి. కింది వరుస బిగువుగా రాకపోతే నాలుగో వరుసకి వచ్చేసరికి మొత్తం ఒక పక్కకి ఒరుగుతుంది. సముద్రం పక్క ఊరు కాబట్టి గాలిలో చెమ్మ ఎక్కువ, జిగురు ఒక పట్టాన ఆరదు, కాగితం రేకులు మెత్తబడి వాలిపోతాయి. అందుకని మైదాని చిక్కగా ఉడికించి, జిగురు పలచగా పూసి, ఏసీ వేసిన గదిలో రాత్రంతా ఆరనిస్తారు. శిఖరాన పసుపు ముద్దతో గౌరమ్మ. కిందంతా కాగితమైనా పైన మాత్రం అచ్చమైన పసుపే ఉండాలని ఏ ఇల్లాలూ పట్టు వదల్లేదు.

ఇందులో ఎంత ఆలోచన ఉందో చెప్పడానికి ఒక్క సంగతి చాలు. బలద్‌లో, పాత జెద్దా సందుల్లో, మూలికలు అమ్మే అత్తారా దుకాణాలు ఉంటాయి. అక్కడ సనామక్కీ ఆకుని సంచుల్లో పోసి అమ్ముతారు, కడుపు శుద్ధికి వాడతారు. మన పల్లెల్లో నేలతంగేడు అనీ సునాముఖి అనీ పిలిచే మొక్క అదే. తంగేడుకి దగ్గరి చుట్టం, పూసేది పసుపు పువ్వే, అరేబియా నేల మీద దానంతట అది మొలుస్తుంది. జగిత్యాల నుంచి వచ్చిన ఒక చెల్లె ఈ సంగతి కనిపెట్టింది. గుప్పెడు ఎండు సనామక్కీ ఆకు తెచ్చి కాగితపు తంగేడు పూల కింద పరిచింది. "తంగేడు లేకుంటే దాని చెల్లెలన్న ఉండాలె గద అక్కా" అంది. చదువుకున్నది పదో తరగతి. ఊరు దాటి వచ్చిన పండుగ కొత్త నేలలో తన చుట్టాన్ని ఎలా వెతుక్కోవాలో ఆమెకి తెలిసింది. ఈ తెలివిని మనం ఎక్కడ రాసుకున్నాం?

బతుకమ్మ ఆట అయ్యాక, గౌరమ్మని ఇంట్లోనే టబ్బు నీళ్లలో సాగనంపుతారు. కాగితం పూలని వరుసల వారీగా విడదీసి, ఖర్జూరం డబ్బాల్లో సర్ది, బీరువా మీద పెడతారు. వచ్చే ఏడు పిల్లలు పెద్దవాళ్లవుతారు, చేతులు ఇంకాస్త తిరుగుతాయి, పాత పూలలో వంకర పోయినవి తీసేసి కొత్తవి చేరుస్తారు. నేర్చుకోవడమంటే ఇదే.

సంక్రాంతికి ఇంకో విద్య. భోగిపళ్లకి రేగుపళ్లు కావాలి. అరేబియాలో సిద్ర్ చెట్టు రేగు జాతిదే. దాని ఆకు పొడిని అక్కడి ఆడవాళ్లు తలంటుకి వాడతారు, దాని పూల తేనెకి మంచి ధర పలుకుతుంది, దాని పండుని నబక్ అంటారు. నబక్ దొరికిన ఏడు అవే భోగిపళ్లు. దొరకని ఏడు చిన్న ఖర్జూరాలు, నానబెట్టిన శనగలు, చెరకు ముక్కలు, చిల్లరకి హలాలా నాణేలు. వినాయక చవితి పత్రిలోనూ ఇదే ఉపాయం. ఇరవై ఒక్క పత్రాల్లో బదరీ అంటే రేగే కదా, సిద్ర్ ఆకు పెడతారు. దానిమ్మ, మరువం, తులసి జాతి రైహాన్ అక్కడా దొరుకుతాయి. దొరకని పత్రాల ఆకారాలు పిల్లలు పుస్తకం చూసి ఆకుపచ్చ కాగితంలో కత్తిరిస్తారు. ఊళ్లో బజారులో కట్టగా కొనుక్కునే పిల్లవాడికి ఏ ఆకు ఏదో తెలియదు. షరఫియాలో కత్తెర పట్టిన పిల్లవాడికి మారేడుకి మూడు రేకులని చేత్తో తెలుసు.

ముగ్గు హాల్లోనే వేయాలి. టైల్స్ మధ్య గీతలు చుక్కల వరుసలకి పనికొస్తాయని మొదట కనిపెట్టిన ఇల్లాలికి దణ్ణం పెట్టాలి. ఏడు చుక్కలు, ఏడు వరుసలు, సందు చుక్క ఎక్కడ పడాలి, మెలిక ఎటు తిరగాలి. బియ్యప్పిండి వేళ్ల మధ్య నుంచి సమంగా జారడం రెండు రోజుల్లో వచ్చే విద్య కాదు. గోధుమపిండిలో పసుపు కలిపి గొబ్బెమ్మలు చేస్తారు, తలమీద కాగితపు గుమ్మడి పువ్వు. గంగిరెద్దుకి ఫ్రిజ్ వచ్చిన పెద్ద కార్టన్. కార్గో దుకాణంలో పనిచేసే తండ్రులు దాన్ని భుజాన వేసుకుని మెట్లెక్కేవారు. రెండు పక్కలా పాత చున్నీలు వేలాడదీసి, పట్టీల మువ్వలు కుట్టి, కొమ్ములకి చుట్టిన అట్ట పెడితే, లోపల ఇద్దరు పిల్లలు దూరి తల ఊపుతూ ఇల్లంతా తిరుగుతారు. గాలిపటం ఒక్కటే గడప దాటి వెళ్లే పండుగ ముక్క. కొబ్బరి చీపురు ఈనె, పాత అరబ్ న్యూస్ పేపరు, మైదా జిగురు. కార్నిష్ దగ్గర సముద్రపు గాలికి అది ఎగిరితే చుట్టూ సౌదీ పిల్లలు, ఫిలిప్పీన్స్ పిల్లలు కూడా పరుగెత్తుకొచ్చి దారం పట్టుకునేవారు.

ఒకే మతం వాళ్ల పండుగల గురించే చెబుతున్నాననుకోకండి. మా భవనంలో కింద కడప నుంచి వచ్చిన అక్క ఉండేది. రంజాన్ వస్తే విమ్టో షర్బత్ సీసాలు కడిగి దాచేది. ఈద్‌కి ముందు మా పిల్లలు కూడా ఆమె ఇంట్లోనే కూర్చుని వాటిని లాంతర్లుగా మార్చేవారు. ఈదీ డబ్బులు పెట్టడానికి కవర్లు మడిచేవారు, అంచులకి బంగారు రంగు చాక్లెట్ కాగితం అతికించేవారు. పాలీక్లినిక్‌లో నర్సుగా చేసే రాజోలు వదిన, డిసెంబర్‌లో నైట్ డ్యూటీ దిగి వచ్చి, నిద్ర ఆపుకుని, కబాబ్ పుల్లలతో నక్షత్రం చట్రం కట్టేది. అయిదు కోణాలు సమంగా రావాలంటే పుల్లల కొసలు ఎలా ముడేయాలో ఆమె చేతిని చూసే మా వాళ్లు నేర్చుకున్నారు. లోపల చిన్న బల్బు పెట్టి తెర వెనక వేలాడదీసేది. ఒకే జిగురు గిన్నె మూడు అంతస్తులు తిరిగేది. ఆ పిల్లలకి ఎదుటివాళ్ల పండుగ పాఠ్యపుస్తకంలో చదువుకునేది కాలేదు, తమ చేత్తో అతికించినది అయింది.

2020లో మార్చి 23న కరోనా కర్ఫ్యూ మొదలైంది. రెండు రోజులకే, 25న ఉగాది. పురోహితుడు లేడు, పంచాంగ శ్రవణం ఫోన్‌లోనే, కొత్త బట్టలు లేవు, ఎవరింటికీ ఎవరూ వెళ్లలేని భయం. వేడుకలు జరిగే హాళ్లన్నీ మూతపడిన ఆ ఏడు పండుగ ఎక్కడ బతికింది? మామిడాకులు ఆకుపచ్చ కాగితంతో కత్తిరించి తోరణం కట్టిన ఇళ్లలో బతికింది. పిల్లలు గోడ మీద చేత్తో రాసి అంటించిన శార్వరి నామ సంవత్సరంలో బతికింది. కర్ఫ్యూ ఎత్తేశాక మళ్లీ ఎవరికీ ఆ ఇళ్లు గుర్తు రాలేదు.

ఇక మా కష్టం వినండి.

ఇంట్లో మొదలుపెడతాను. "ఈ చెత్తంతా ఎప్పుడు పారేస్తావు?" ఈ మాట పడని ఇల్లాలు షరఫియాలో ఉండదు. దాచిపెట్టిన కార్టన్, కడిగి ఆరబెట్టిన సీసా, మడిచిన గిఫ్ట్ పేపరు, అన్నీ చెత్తే. పండుగ నాడు అదే చెత్త ముందు నిలబడి ఫొటో దిగి ఆఫీసు వాళ్లకి పంపేటప్పుడు మాత్రం అది మా ఇంటి బతుకమ్మ. చేసిన ఆవిడ పేరు ఆ ఫొటో కింద ఉండదు.

ఊరి నుంచి జాలి వస్తుంది. "పాపం, అక్కడ ఏమీ దొరకదు కదమ్మా, ఏదో కాగితాలతో కానిచ్చేస్తున్నారు" అని అత్తగార్లు, పెద్దమ్మలు వీడియో కాల్‌లో నిట్టూరుస్తారు. వాళ్ల ప్రేమ మీద నాకు అనుమానం లేదు. కానీ మేం కానిచ్చేయలేదు. వారం రోజుల ముందు నుంచి రాత్రిళ్లు కూర్చుని చేశాం. అక్కడ పూలు పుష్కలంగా ఉండి కూడా ఈ మధ్య సగం ఇళ్లలో ప్లాస్టిక్ దండలు వేలాడుతున్నాయి, ఆ సంగతి మేం అనలేదు.

అక్కడి తెలుగు సంఘాల సంగతి అన్నిటికంటే ఎక్కువ నొప్పి పెడుతుంది. పేర్లు చెప్పను, ఒక వేడుక గురించి మాత్రం చెబుతాను. నాలుగైదు కుటుంబాల తల్లులూ పిల్లలూ కలిసి చేసిన బతుకమ్మని హాలుకి తీసుకెళ్లాం. టాక్సీలో ఒళ్లో పెట్టుకుని, ఏసీ గాలికి రేకులు ఎగరకుండా చున్నీ కప్పి తెచ్చాం. స్టేజీ మీద స్పాన్సర్ల ఫ్లెక్సీ ఉంది, దాని మీద ఎక్కడినుంచో దించిన బతుకమ్మ బొమ్మ అచ్చువేసి ఉంది. మాది స్టేజీ వెనక, కుర్చీల పక్కన పెట్టించారు. అట్ట గంగిరెద్దులో దూరిన పిల్లలు ముందుకి వస్తే, "ఫొటోలో బాగోదమ్మా, లోపలికి తీసుకెళ్లండి" అన్నారు. వేషధారణ పోటీలో బహుమతి అద్దెకి తెచ్చిన మెరుపు బట్టలకి వెళ్లింది. చివర్లో కృతజ్ఞతలు చెప్పేటప్పుడు స్పాన్సర్ల పేర్లన్నీ పూర్తిగా చదివారు. మా వంతు వచ్చేసరికి "అలంకరణలో సహకరించిన మహిళా విభాగానికి" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. తిరిగి వస్తూ ఏడేళ్ల పిల్లవాడు అడిగాడు, "మనం చేసింది బాలేదా?" అని. ఆ ప్రశ్నకి జవాబు చెప్పాల్సింది తల్లి కాదు.

ఇప్పుడు కొత్త మాట ఒకటి మొదలైంది. "అన్నీ ఆన్‌లైన్‌లో దొరుకుతున్నాయి కదా, ఇంత శ్రమ ఎందుకు?" దొరుకుతాయి. మడత విప్పితే నిలబడే బొమ్మలు, బ్యాటరీ దీపాలు, స్టిక్కర్ ముగ్గులు అన్నీ ఇంటికే వస్తాయి. పెట్టె విప్పడం అయిదు నిమిషాల్లో అయిపోతుంది, ఆ తర్వాత పిల్లవాడు మళ్లీ ఫోన్ పట్టుకుంటాడు. శ్రమ తీసేస్తే మిగిలేది సామాను. పండుగకి ముందు నడిచే ఆ వారం రోజుల పనిలోనే పండుగ ఉందని ఈ మాట అనేవాళ్లకి ఎవరైనా చెప్పాలి.

అధికారిక కాగితాల మీద కూడా మా స్థానం తెర వెనకే. భర్త మీద ఆధారపడి వచ్చిన భార్యకి ఉద్యోగం చేయడానికి అనుమతి లేదని ఆమె ఇకామా మీదే రాసి ఉండేది. 2017 జూలై నుంచి ఆధారపడిన ఒక్కో మనిషికీ నెలకి 100 రియాళ్ల రుసుము వచ్చింది. ఏటా 100 పెరుగుతూ 2020 నాటికి 400 అయింది. భార్యా, ఇద్దరు పిల్లలూ ఉంటే ఏడాదికి 14,400 రియాళ్లు. 2018లో 5 శాతం వ్యాట్ వచ్చింది, 2020 జూలైలో అది 15 శాతం అయింది. చిన్న జీతాల ఇళ్లు ఖాళీ అయ్యాయి. మా భవనంలోనూ ఒక్కో తలుపుకీ తాళం పడింది. వెళ్లిపోయే తల్లులు గ్యాస్ స్టవ్, మంచాలు అమ్ముకున్నారు, కాగితం పూల డబ్బాలు మాత్రం ఉండిపోయేవాళ్లకి అప్పగించి వెళ్లారు. కుటుంబం అక్కడ ఉంటే ఎంత ఖర్చో ఇంటింటా లెక్క వేశారు. ఆ కుటుంబం అక్కడ ఏం నిలబెట్టిందో ఒక్కరూ లెక్క వేయలేదు. తండ్రులు నలుగురైదుగురు కలిసి ఒక గదిలోకి మారిపోయాక, పండుగ రోజు హోటల్ బిర్యానీతో గడిచినప్పుడు గానీ చాలామందికి పోయిందేమిటో తెలియలేదు.

ఇంట్లో ఆడవాళ్లు చేసే పనికి విలువ కట్టలేరా? అదే దేశం కట్టింది. సౌదీ నైరుతిన అసీర్ కొండల్లో ఆడవాళ్లు తమ ఇంటి లోపలి గోడల మీద, అతిథులు కూర్చునే గదిలో, రంగురంగుల గీతలు, త్రికోణాలు, చతురస్రాలు దిద్దుతారు. అల్ కత్ అల్ అసీరీ అంటారు. చుట్టాల్లోని ఆడవాళ్లు, చిన్నా పెద్దా, అందరూ చెయ్యి వేస్తారు. తల్లిని చూసి కూతురు నేర్చుకుంటుంది. 2017లో యునెస్కో దాన్ని మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. మా ఇళ్ల మీద రుసుము పడిన ఏడాదే అది. నాలుగు గోడల మధ్య ఆడవాళ్లు పిల్లలతో కలిసి చేసే పని మానవజాతి వారసత్వం కాగలదని అసీర్ స్త్రీలు చూపించారు. మన టైల్స్ మీది ముగ్గు, మన కబ్సా పళ్లెంలో బతుకమ్మ ఏం తక్కువ?

ముడిసరుకు చవక అంటారా? కొండపల్లి బొమ్మకి తెల్లపొణికి అనే తేలిక కర్ర. చెరియాల ముసుగుకి చింతగింజల పిండి, రంపపు పొట్టు. ఏటికొప్పాక బొమ్మకి అంకుడు కర్ర, లక్క. ఇవన్నీ చేతికి అందిన సరుకుతో పుట్టినవే. కొండపల్లి, ఏటికొప్పాక బొమ్మలకి ఇవాళ భౌగోళిక గుర్తింపు ఉంది, అన్నిటికీ ప్రదర్శనల్లో చోటు ఉంది, అందుకు సంతోషమే. అందిన సరుకుని ఆకారంగా మార్చే ఆ బుద్ధే షరఫియాలో ఇయర్ బడ్‌ని గునుగుగా మార్చింది. మొదటిదాన్ని కళ అని, రెండోదాన్ని పిల్లల కాలక్షేపం అని విడదీసే అధికారం ఎవరికి ఉంది?

అన్నిటికంటే పెద్ద లాభం భాష. అక్కడి పిల్లలు బడిలో ఇంగ్లీషు, బస్సులో హిందీ, పక్కింటి నుంచి మలయాళం, బఖాలా కొట్లో అరబ్బీ మాట్లాడతారు. ఇంట్లో తెలుగు పుస్తకం తెరిస్తే ఆవులిస్తారు. అదే పిల్లలు జిగురు గిన్నె చుట్టూ కూర్చుంటే అడక్కుండా తెలుగులోకి వచ్చేస్తారు. "కొంచెం బిగించు, సందు రానీకు", "ఒరిగిపోతోంది పట్టుకో", "రేకు నలిగింది, మడత విప్పు", "అంచు సమంగా లేదు చూడు". ఇవి ఏ వాచకంలోనూ లేవు, చేతులు పనిచేస్తుంటే నోట్లోంచి వచ్చిన మాటలు. నాయనమ్మ ఊరేమిటి, ఆవిడ బతుకమ్మ ఎంత ఎత్తు పేర్చేది, గొబ్బిళ్ల చుట్టూ ఎవరెవరు తిరిగేవారు, ఈ కబుర్లన్నీ ఆ గంటల్లోనే తల్లి నోట వచ్చాయి. రెండో తరం తెలుగు ఎందుకు పోతోందని సభలు పెట్టి బాధపడే పెద్దలు, అది ఎక్కడ నిలబడిందో ఒక్కసారి వచ్చి చూడలేదు.

అందుకని అడగాల్సినవి అడుగుతున్నాను.

తండ్రులారా, అన్నలారా, ఆ కార్టన్‌ని చెత్త అనకండి. శుక్రవారం మధ్యాహ్నం ఒక గంట కత్తెర పట్టి పిల్లల పక్కన కూర్చోండి. ఫొటో పంపేటప్పుడు చేసిన మనిషి పేరు రాసి పంపండి. ఊళ్లోని అమ్మలూ అత్తమ్మలూ, జాలి పడకండి, నేర్పండి. మీ చేతికి తెలిసిన పేర్పు, మీ కంటికి తెలిసిన కొలత ఫోన్‌లో చూపించండి, మనవలు పట్టుకుంటారు. ఊళ్లో పూల మధ్య ఉన్న తల్లులారా, పెట్టె విప్పే పండుగకి అలవాటు పడకముందే పిల్లల చేతికి పిండీ పూలూ ఇవ్వండి.

పత్రికలవాళ్లకీ, వలసల మీద పరిశోధన చేసేవాళ్లకీ ఒక మాట. షరఫియా నుంచి వెళ్లిపోయిన తల్లులు ఇప్పుడు కరీంనగర్‌లో, కడపలో, రాజమండ్రిలో ఉన్నారు. వాళ్ల దగ్గర ఫొటోలు ఉన్నాయి, కొలతలు ఉన్నాయి, ఏ చెమ్మకి ఏ జిగురు ఆగుతుందో తెలిసిన అనుభవం ఉంది. వెళ్లి అడగండి, రాయండి. గల్ఫ్ చరిత్రలో పంపిన సొమ్ముకి ఒక అధ్యాయం ఉంటే, నిలబెట్టిన పండుగకి కనీసం ఒక పుట ఉండాలి.

సంఘాల పెద్దలకి చివరి మాట. వచ్చే వేడుకకి స్టేజీ ముందు వరుసలో పిల్లలు చేసినవే పెట్టండి. అద్దె బట్టలకి వేరే పోటీ పెట్టుకోండి, చేత్తో చేసినదానికి వేరే బహుమతి ఇవ్వండి. "మహిళా విభాగం" అని ఒక్క ముక్కలో తేల్చకుండా, చేసిన తల్లుల పేర్లు, చేసిన పిల్లల పేర్లు, స్పాన్సర్ల పేర్లు ఎంత పూర్తిగా చదువుతారో అంత పూర్తిగా మైకులో చదవండి. ఇది మేం దయగా అడగడం లేదు, మాకు రావలసిన బాకీ.